పైనుంచి చూసిన నడక

నలుగురు మనుషులు గట్టు మీద నడుచుకుంటూ వస్తారు. ఒకడు పార దించి తవ్వడం మొదలెడతాడు, ఇద్దరు తట్టలు ఎత్తుతారు, ఇంకొకాయన నిలబడి ఇటు పొయ్యండి అన్నట్టు చెయ్యి చూపిస్తాడు, అంతే, తెర మీది బొమ్మ ఉలిక్కిపడ్డట్టు ఒక్క కుదుపు కుదిపి మళ్లీ మొదటికి వస్తుంది, మళ్లీ ఆ నలుగురే గట్టు మీద నడుచుకుంటూ వస్తారు. ఎలీషా అలా ఎన్నిసార్లు చూశాడో తనకే తెలియడం లేదు. ఇరవై రెండేళ్లుగా కొల్లేట్లో పిట్టల్ని లెక్కపెట్టి చెబుతున్న మనిషి, వెయ్యి గూడబాతులు ఒక్కసారి లేచినా తడుముకోకుండా లెక్క చెప్పగల మనిషి, నలుగురు మనుషుల దగ్గర లెక్క తప్పి కూర్చున్నాడు, వింతే మరి. గదిలో ఏసీ చల్లగా వీస్తోంది. చెప్పులు గుమ్మం బయట ఉన్నాయి, విప్పమని ఎవరూ అనలేదు, తనే విప్పేశాడు, ఇప్పుడా గచ్చు చలి పాదాల్లోంచి ఎముకల్లోకి ఎక్కుతోంది, పోయి వేసుకుందామంటే లేవొచ్చో లేవకూడదో తెలియదు. అసలు ఏలూరు పాత బస్టాండులో దిగి అడిగి అడిగి వచ్చిన ఈ మేడ ఏ డిపార్ట్‌మెంటుదో కూడా తెలియదు. గేటు దగ్గర బోర్డు లేదు, ఉన్న మనిషి తుపాకీ పెట్టుకుని ఉన్నాడు, అతన్ని అడగడానికి నోరు రాలేదు.

గంగాధరరావు గారు మాత్రం చాలా మర్యాదస్తులు. ఎంత పెద్ద ఆఫీసరో గానీ, వచ్చీ రాగానే కుర్చీ లాగి కూర్చోబెట్టారు, టీ చెప్పారు, తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వస్తానని, ఉల్లిపాయల మార్కెట్ వెనకాల ఇల్లని, తనకీ పిట్టలంటే ఇష్టమేనని చెప్పారు. "మీరేం కంగారు పడకండి ఎలీషా గారూ, మీ మీదేం లేదు. మీ కన్ను కావాలండీ మాకు, అంతే. ఓ గంట నిదానంగా చూడండి. ఎవరెవరో చెప్పండి. నేను మీటింగుకెళ్లి వచ్చేస్తాను," అన్నారు. మీ మీదేం లేదు అన్నారు. ఏమీ లేనప్పుడు లేదని ఎందుకు చెప్పడం? ఇంట్లోకి రాగానే నేనేం దొంగతనానికి రాలేదండీ అని ఎవరైనా అంటారా? ఒకవేళ అన్నీ తెలిసే పిలిచారేమో. తెలిసి పిలిచినవాళ్లు టీలో పంచదార ఎక్కువేయించి ఎందుకిస్తారు? ఏమో, అలాగే ఇస్తారేమో, తనకేం తెలుసు, ఎప్పుడైనా వచ్చాడా ఇలాంటి చోట్లకి.

సంగతేమిటంటే, కంప్యూటరుకి మొహాలు తెలుసట. మొహం కనిపిస్తే చాలు, ఆధార్ దగ్గర్నుంచి రేషన్ కార్డు దాకా గడగడా చెప్పేస్తుందట. ఆ మూల కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి, ఇందుజ, ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు, ఆ అమ్మాయే చెప్పింది. కానీ ఇది డ్రోను తీసింది, పైనుంచి చూస్తే మనిషికి మొహం ఉండదు, తలపాగా, భుజాలు, నీడ, అంతే ఉంటాయి. అక్కడ కంప్యూటరు చేతులెత్తేసింది. అప్పుడెవరో అన్నారట, ఆ పిట్టలాయన్ని పిలవండి, మైలు దూరాన ఎగిరేదాన్ని రెక్క ఊపు చూసి ఇది నీటికాకి, ఇది నత్తగుల్లకొంగ అని చెప్పేస్తాడు, మనుషుల్ని చెప్పలేడా అని. నిజమే, చెప్పగలడు. అదే వచ్చిన చిక్కు. పోయిన జనవరిలో పక్షుల లెక్కకి వచ్చిన పెద్దలందరి ముందూ నాకు దుర్భిణీ అక్కర్లేదండీ అని గొప్పలు పోయాడు, చప్పట్లు కొట్టించుకున్నాడు, శాలువా కప్పితే ఇంటికి తెచ్చి భార్య మణెమ్మ ఫొటోకి చూపించి మరీ మేకుకి తగిలించాడు. బుద్ధిగా దుర్భిణీ పెట్టుకుని చూసి ఉంటే ఇవాళ ఈ కుర్చీలో ఇంకెవడో ఉండేవాడు. గొప్పలు పోయే నోటికి ఏదో ఒకటి తగలాల్సిందే.

చెయ్యి చూపిస్తున్నాయన విశ్వాసం గారు, సంఘపెద్ద. ఎడంకాలితో ముందు నేలని తడిమి చూసుకుని ఆ తర్వాత మోపుతారు, పక్షవాతం వచ్చి తగ్గినప్పట్నుంచీ అంతే, మొదటిసారి చూసినప్పుడే తెలిసిపోయింది. తట్ట ఎత్తుతున్న ఇద్దరిలో ఒకరు సూరమ్మ, పోయిన మణెమ్మకి తల్లి. ఆడో మగో తెలియకుండా తలకి తువ్వాలు చుట్టింది గానీ, తట్ట నెత్తికెత్తుకున్నాక ఒక్క క్షణం ఆగి, మెడ సర్దుకుని, అప్పుడు అడుగేస్తుంది, లంకలో ఇంకెవరూ అలా ఆగరు. రెండో తట్ట బుల్లిరాజుది. మడమలు నేలకి తగలనీయకుండా ఎగిరెగిరి నడుస్తాడు, చిన్నప్పుడు ఇద్దరూ ఒకే దోనెలో మునిగి తేలినవాళ్లు, వాడి నడక ఎలీషాకి చీకట్లో కూడా తెలుసు. ఇక పార పట్టినవాడు. వాడు తనే. తనే అయి ఉండాలి. ఆ పొద్దున అక్కడున్నది నలుగురే, ముగ్గురు పోగా మిగిలింది తనే కాబట్టి లెక్క ప్రకారం తనే. అంటే దొంగని పట్టడానికి దొంగనే పిలిచి టీ ఇచ్చి కూర్చోబెట్టారన్నమాట. నవ్వొచ్చింది. నవ్వుతుంటే గది మూల పైకప్పుకి అంటుకున్న గుండ్రటి కెమెరా కనిపించింది, నవ్వు మింగేశాడు.

చేసిందేమైనా ఘోరమా అంటే, సమాధికి మట్టి పోశారు. ఈస్టరు ముందు శనివారం లంకలో విశ్వాసులందరూ తమ తమ వాళ్ల సమాధులకి మట్టెత్తుతారు, తాతల నాటినుంచీ ఉన్నదే. కొల్లేటి నేల ఊరుకోదు కదా, ఒక్క వానాకాలం వెళ్లేసరికి నల్లమట్టి కుంగిపోతుంది, మనిషిని పెట్టిన చోటు పళ్లెంలా గుంటపడి నీళ్లు నిలుస్తాయి. ఈస్టరునాడు తెల్లారకముందే కొవ్వొత్తులు పట్టుకుని పాడుకుంటూ వెళ్తే అక్కడ మనవాళ్లు నీళ్లలో పడుకుని ఉండకూడదు, అందుకని ముందురోజే సరస్సు అడుగు మట్టి తవ్వి, మెత్తి, సున్నం కొడతారు. అయితే ఇప్పుడా సమాధుల తోట ఎర్రరాళ్లకి లోపల పడింది. అభయారణ్యం హద్దని రాళ్లు పాతిన రోజున తోటంతా గుర్రపుడెక్క కప్పేసి ఉంది, కొలిచినవాళ్లకి కనపడలేదు, కనపడకపోవడమే మంచిదని పెద్దలు నోరెత్తలేదు. రాయి లోపల తట్టెడు మట్టి తవ్వినా కేసే. చేపల చెరువులకి దొంగగట్లు వేస్తున్నారని డ్రోన్లు తిరుగుతున్నాయి, వేసేవాళ్లు వేస్తూనే ఉన్నారు, పెద్ద పెద్ద యంత్రాలతో వచ్చి తెల్లారేలోపు పోతున్నారు, వాళ్లు బొమ్మలో పడరు, తట్టలవాళ్లు పడతారు. కేసులో పేరు ఎక్కితే పాసు పోతుంది, పాసు పోతే హద్దు దాటి సరస్సులో అడుగు పెట్టలేరు, వల వేసుకుని బతికే బుల్లిరాజు ఇక గట్టు మీద నిలబడి నీళ్లని చూసుకోవాల్సిందే. పోనీ అది చెరువు గట్టు కాదండీ, సమాధండీ అని నిజం చెబితే? టేపులు పట్టుకుని వస్తారు. తోట తోటే పోతుంది. విశ్వాసం గారు ప్రార్థన చేసి, ఫోన్లన్నీ ఇళ్లలోనే పెట్టి రండి అన్నారు, ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు. బుల్లిరాజు చర్చికి రాడు, వాడికి ఎవరు చెబుతారు? అసలు వాణ్ణి పిలిచిందెవరు? దారిలో ఎదురై, పార చూసి, "మణెమ్మక్కకా బావా?" అని సూరమ్మ పక్కనున్న తట్ట అందుకున్నాడు. వద్దురా అనాల్సింది. వద్దురా అంటే వింటాడా. పోనీ ఫోను ఇంట్లో పెట్టి రారా అనైనా అనాల్సింది, ఆ మాటే తోచలేదు, కళ్లెదుట అంత మంచి మనిషి నవ్వుతూ నిలబడితే నీ జేబులో ఏముందిరా అని ఎవరడుగుతారు.

చెక్‌పోస్టు పెట్టిన కొత్తలో ఎవరూ పట్టించుకోలేదు. గట్టు రోడ్డుకి అడ్డంగా ఓ వెదురు బొంగు, ఓ రేకుల షెడ్డు, ఓ రిజిస్టరు. పేరు రాయండి, టైము రాయండి, ఎందుకెళ్తున్నారో రాయండి. ఇంటికి అని రాసేవారు, నవ్వుకుంటూ. తర్వాత పాసు కార్డులొచ్చాయి, తర్వాత ఫొటో, తర్వాత వేలిముద్ర, ఆ తర్వాత స్తంభానికి కెమెరా. సూరమ్మ పెంటపాడులో చెల్లెలింటికి వెళ్లి పాసు అక్కడే మర్చిపోయి వస్తే పొద్దుగూకేదాకా బొంగు దగ్గరే కూర్చోబెట్టారు, అక్కణ్నుంచి చూస్తే ఆవిడ ఇంటి కప్పు కనిపిస్తూనే ఉంది. అదీ అలవాటైపోయింది. అలవాటు కానిది ఆకాశం. ఇదివరకు దోనె నడిసరస్సులోకి వెళ్లాక లోకంలో ఇంకెవడూ లేనట్టుండేది, గొంతెత్తి కీర్తనలు పాడేవాడు, రాగం ఎటు పోయినా అడిగేవాడు లేడు, మణెమ్మ పోయినప్పుడు ఏడ్చింది కూడా అక్కడే, ఇంట్లో ఏడిస్తే సూరమ్మ తట్టుకోలేదని. ఇప్పుడు పాట ఎత్తుకోబోతే తల దానంతటదే పైకి లేస్తుంది. లుంగీ ఎగ్గట్టాలన్నా పైకి చూస్తాడు, ఒంటికి పోవాలన్నా పైకి చూస్తాడు. తేనెటీగల రొదలాంటిది వినిపిస్తుంది, చూస్తే ఏమీ ఉండదు, నిజంగా తేనెటీగలేనేమో. అయినా పాట రాదు. పైకి చూడటమే బతుకైన మనిషి తను, ఇరవై రెండేళ్లు చూశాడు, కానీ అది తను చూడటం. ఇప్పుడు చూస్తున్నది ఎవరో తెలియడం లేదు, తెలియనప్పుడు కోపం ఎవరి మీద తెచ్చుకోవాలి? ఎదురుగా ఉన్నది ఈ మర్యాదస్తుడు, ఆ చిన్న పిల్ల.

మళ్లీ వచ్చారు నలుగురూ. ఈసారి మిగతా ముగ్గుర్నీ వదిలేసి పారవాడినే చూశాడు. ఎవరీ మనిషి? కుడిభుజం కిందికి జారిపోయి, అడుగడుక్కీ తల ముందుకి పొడుచుకుంటూ, ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నట్టు నడుస్తున్నాడు. ఆఖరి రోజుల్లో నాన్న అలా నడిచేవాడు. నాన్న పోయి పద్దెనిమిదేళ్లయింది. తనది ఆ నడక కాదు, దోనెకి గెడ వేసే మనిషికి వీపు వంగడమేమిటి, తను నిటారుగా నడుస్తాడు, కాదా? ఒకవేళ ఆ టైముకి తను సున్నం కోసం వెనక్కి వెళ్లాడా? సున్నం తెచ్చింది విశ్వాసం గారు కదా? పార సూరమ్మ మోసుకొచ్చిందా, తను మోసుకొచ్చాడా? అక్కడ ఐదో మనిషి ఎవడైనా ఉన్నాడా? ఉంటే తను ఎక్కడున్నాడు? తల పట్టుకున్నాడు. ఈ లోకంలో రెక్కలున్నవాటినీ కాళ్లున్నవాటినీ అన్నిటినీ పోల్చగలడు గానీ, ఈ ఒక్కణ్ణి పోల్చుకోలేకపోతున్నాడు. మణెమ్మ ఉంటే చెప్పేది. చీకటి పడ్డాక రేవులోకి ఎన్ని దోనెలొచ్చినా తలుపు తీసి చూడకుండానే కంచంలో అన్నం వడ్డించేసేది. ఎలా తెలిసిందే అంటే, "మీ నడక నాకు తెలీదేంటండీ," అనేది. ఎలా ఉంటుందే నా నడక అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. ఆవిడ పోయిన ఈ మూడేళ్లలో వంగిపోయాడేమో. చెప్పేవాళ్లు లేక తెలియలేదేమో. ఇదేమిటి, ఎవడో పైనుంచి తీసిన బొమ్మ చూసి నేను ముసలాణ్ణయ్యానని తెలుసుకోవాలా? చెప్పలేనంత దిగులేసింది.

"తాతగారూ, కాసిని మంచినీళ్లు ఇవ్వనాండీ?" అంది ఇందుజ. వద్దమ్మా అన్నాడు, అని మళ్లీ ఇవ్వమన్నాడు. తాతగారూ అంది. యాభై నాలుగేళ్లకి తాతేమిటి? నీళ్లు తాగుతూ ఒక నిశ్చయానికి వచ్చాడు, పోల్చుకోలేకపోయానండీ అనేస్తాడు, పైనుంచి కదండీ, నా వల్ల కాలేదండీ అంటాడు. పిట్టలాయన పస ఇంతేనా అనుకుంటారు, అనుకోనీ. వచ్చే ఏడాది లెక్కకి పిలవరు, పిలవకపోతే మానె, ఆ దినకూలీ పోతే పోయింది. పరువు పోతుంది, అది మాత్రం కొంచెం కష్టమే. అయినా నలుగురి బతుకుల కన్నా నా గొప్పతనం ఎక్కువా అని తనకి తనే చెప్పుకుంటుంటే తలుపు తెరుచుకుంది.

"ఏవండీ ఎలీషా గారూ, తేలిందాండీ?" అంటూ గంగాధరరావు గారు వచ్చి పక్క కుర్చీలోనే కూర్చున్నారు.

"పోల్చుకోలేకపోయానండీ. పైనుంచి కదండీ," అన్నాడు ఎలీషా. గొంతు బాగానే వచ్చింది.

ఆయన కోప్పడలేదు. పోనీలెండి, మీరైనా ఏం చేస్తారు అన్నారు. అని, ఇందుజ వైపు తిరిగి, "ఆ టైముకి ఆ చుట్టుపక్కల ఒకే ఒక్క ఫోను ఉందమ్మా, ఇప్పుడే లిస్టు వచ్చింది. బుల్లిరాజట, వీళ్ల లంకాయనే. పార పట్టి తవ్వుతున్నవాడు ఆయనే అయ్యుంటాడు. పేరు ఎక్కించు," అన్నారు.

"కాదండీ," అన్నాడు ఎలీషా.

అనాలని అనలేదు. పక్షుల లెక్కలో ఎవరైనా నీటికాకిని చూసి పరజ అంటే కాదండీ అని నోటికి దానంతటదే వచ్చేస్తుంది, ఇరవై రెండేళ్ల అలవాటు, అలాగే వచ్చేసింది. గంగాధరరావు గారు మెల్లగా తిరిగి చూశారు. అయితే పోల్చారన్నమాట, అని ఆయన అనలేదు, మొహంలో ఉంది. మరెవరండీ అని మాత్రం అడిగారు. తెర మీద బుల్లిరాజు మడమలెగరేసుకుంటూ తట్టతో వెళ్తున్నాడు, ఎవరి సమాధికో ఎవడో మోస్తున్న మట్టి, వాడికేం పట్టింది, మణెమ్మ పండక్కి రొయ్యల కూర పంపేదని, అంతే. తెలియదంటే బుల్లిరాజు పోతాడు. వాడు కాదు ఇంకొకడంటే ఆ ఇంకొకణ్ణి చూపించాలి. ఇందుజ చేతులు కీబోర్డు మీద ఆగి ఉన్నాయి. ఎందుకో గానీ ఎలీషాకి ఉన్నట్టుండి భయం పోయింది, తేలిక అనిపించింది, అమ్మయ్య, చెప్పడానికి ఒక పేరుంది కదా.

"నేనండీ," అన్నాడు.

గంగాధరరావు గారు నవ్వారు, వెక్కిరింతగా కాదు, మంచిగానే. "మీ మనసు మంచిదండీ. స్నేహితుడు కాబోలు. కానీ మీ ఫోను ఆ పొద్దంతా మీ ఇంట్లోనే ఉంది కదండీ. మీ పేరు కూడా చూశాం మేము, అన్నీ చూసే మిమ్మల్ని పిలిచాం."

"ఫోను ఇంట్లో ఉందండీ. నేను అక్కడున్నాను."

"ఈ రోజుల్లో ఫోను ఇంట్లో పారేసి బయటికెవరెళ్తారండీ?"

ఇక దాచి లాభం లేదనిపించింది. విశ్వాసం గారి మొహం గుర్తొచ్చింది, ఆయనకి ఏం సమాధానం చెబుతాడో తర్వాత చూసుకోవచ్చు. "సమాధికండీ. మా ఆవిడ సమాధి. చెరువు గట్టు కాదండీ అది. పండక్కి మట్టెత్తుతామండీ, మా ఆచారం. బుల్లిరాజు ఊరికే సాయం వచ్చాడు, పార ముట్టుకోలేదు, తవ్వింది నేనే," అని ఒక్క గుక్కలో చెప్పేశాడు. తాతల నాటి తోటని చేతులారా తీసుకొచ్చి బల్ల మీద పెట్టేశాడు. గంగాధరరావు గారు చూడమన్నారు, ఇందుజ మ్యాపు తెరిచింది, పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది. "ఇక్కడ సమాధులేం లేవు సార్. నీళ్లే చూపిస్తోంది," అంది, తప్పు తనదే అన్నట్టు. మూడేళ్ల కిందట మోకాళ్ల మీద కూర్చుని మట్టి వేసింది నీళ్లలోనా? లేదు, లేదు, పొడి నేల, కొబ్బరి మట్ట కూడా పరిచారు.

"నా నడక చూడండీ," అన్నాడు ఎలీషా లేచి. "అందులో వాడు, నేను, ఒకటో కాదో మీరే చూసుకోండి." ఆ గోడ దగ్గర్నుంచి ఈ గోడ దాకా నడిచాడు. ఇద్దరూ చూస్తున్నారు, ఒకసారి తెర వైపు, ఒకసారి తన వైపు. పైన మూల నుంచి కెమెరా కూడా చూస్తోంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మామూలుగా ఎక్కడుంటాయి చేతులు? వెనక్కి తిరిగి, ఈసారి కుడిభుజం దించాడు, దించితే మెడ బిగుసుకుంది, తల ముందుకి పెడితే అడుగు తప్పింది, ఫొటోకి నిలబడ్డ పెళ్లికొడుకులా వీపు దానంతటదే నిటారుగా లేచిపోయింది. వంగమంటే వంగదు. మూడోసారి నడిచాడు. లేని పార భుజాన పెట్టుకుని నడిచాడు. రోజూ నడిచే నడకేగా, ఎక్కడికి పోయింది?

"ఆయన బాగా వంగి ఉన్నారు సార్," అంది ఇందుజ నెమ్మదిగా.

"మీరు నిటారుగా నడుస్తున్నారు కదండీ ఎలీషా గారూ. రండి, కూర్చోండి," అన్నారు గంగాధరరావు గారు, నొచ్చుకుంటున్నట్టే. కీబోర్డు చప్పుడు మొదలైంది.

"ఉండమ్మా, ఆగమ్మా, రాయకు," అన్నాడు ఎలీషా మళ్లీ గోడ దగ్గరికి వెళ్లి నిలబడి. "ఇంకొక్కసారి నడుస్తానండీ. ఈసారి మీరు చూడకండి."